రొంటిన దోపుకునే లైటు

కిందటి భాగంలో చెప్పుల గురించి రాశాను. ఈసారి చెప్పుల పక్కనే, గుమ్మం దగ్గర ఉండాల్సిన ఇంకో వస్తువు గురించి. బేటరీ లైటు.

మా పిన్ని చెరకు తోటల్లో కూలికి వెళ్తుంది. అనకాపల్లి బెల్లం గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, ఆ చెరకు నరికి మోసే చేతుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఈ వానాకాలంలో ఓ రోజు పొద్దుపోయాక గట్టు మీద నడిచి వస్తుంటే కాలి పక్కనే ఏదో బుస్సుమందట. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఎటు అడుగేయాలో తెలియక, వెనకున్నవాళ్లు వచ్చేదాకా అలాగే నిలబడిపోయిందట. మర్నాడు నాకు ఫోన్ చేసింది. "ఓలమ్మీ, ఓ మంచి లైటు కొనిపెట్టవే. సిన్నదవ్వాల. రొంటిన దోపుకుంటే జారిపోకూడదు."

డాక్టరేటు చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది! లైటు కొనమంటే లైటు చరిత్ర చదువుతూ వారం కూర్చున్నాను.

డేవిడ్ మిసెల్ అనే ఆయన తయారుచేసిన గొట్టం లైటుకి అమెరికాలో 1899 జనవరి 10న పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దాన్ని అమ్మింది. ఆ కంపెనీ పెట్టిన పేరే ఎవరెడీ. అప్పటి సెల్లుకి సత్తువ లేదు. లైటు వరసగా వెలిగేది కాదు, నొక్కినప్పుడు తళుక్కుమని ఆరిపోయేది. అందుకే దాన్ని ఫ్లాష్‌లైట్ అన్నారు. మన దేశంలో 1934లో కలకత్తాలో ఎవరెడీ పేరుతో కంపెనీ ఏర్పడింది. సెల్లు పల్లెలకి చేరాయి. కానీ ఏ పల్లెలో ఎవరి చేతికి ముందు చేరాయి?

మా తాత వెట్టి చేసేవాడు. ఊరికి అధికారులొస్తే రాత్రిపూట దారి చూపించాలి. నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మొదట్లో లాంతరు. లాంతరు పట్టుకున్నవాడు ముందు నడవాలి, కానీ వెలుగు వెనక వచ్చే ఆయన పాదాల ముందు పడాలి కాబట్టి చెయ్యి వెనక్కి చాపి పట్టాలి. పాముకి ముందు ఎదురయ్యేది వెట్టివాడి కాళ్లే. అవీ చెప్పుల్లేని కాళ్లు. తర్వాత దొరలకి బేటరీ లైట్లొచ్చాయి. ఇక లాంతరు మోయక్కర్లేదు, తాతకి సుఖమే అనుకుంటాం కదా. "లైటు ఆల సేతిలో ఎనకాల. మీ తాత ముందర. తన నీడ తన ముందే పడేది. ఆ నీడలోనే కాలేసుకుంటా పోయీవోడు" అనేది నాయనమ్మ.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నీడ మనకి మామూలు విషయం కాదు. పేష్వాల కాలపు పూణేలో అంటరానివాళ్లు మధ్యాహ్నం మూడు దాటాక, పొద్దున తొమ్మిదిలోపు ఊళ్లోకి రాకూడదని కట్టడి ఉండేదని చరిత్రకారులు రాశారు. ఆ వేళల్లో నీడలు పొడుగ్గా పడతాయి, పై కులాలవాళ్ల మీద పడితే మైల. తిరునెల్వేలి వైపు పురద వణ్ణార్లనే కులం ఉండేది. వాళ్లు అంటరానివాళ్ల బట్టలు ఉతికేవాళ్లు. పగలు కంటపడితేనే మైల కాబట్టి అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్యే పని చేసుకునేవాళ్లని 1932 డిసెంబరులో హిందూ పత్రిక రాసింది. ఒకచోట వెలుగు తగ్గాక రావద్దన్నారు, ఇంకోచోట వెలుగొచ్చేలోపు పొమ్మన్నారు. పేరు మైలే.

నా చదువు తెలుగు సాహిత్యం కాబట్టి జాషువా దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. గబ్బిలం 1941లో వచ్చింది. శివుడికి పంపే సందేశం గురించి క్లాసుల్లో గంటలు గంటలు చెబుతారు. ఆ సందేశం ఎలా మొదలైందో తొందరగా దాటేస్తారు. గబ్బిలం ఇంట్లో దూరి రెక్కలాడిస్తే ఆ పేదవాడి ఆముదపు దీపం కొండెక్కింది. అతను తన గోడు చెప్పుకున్నదంతా చీకట్లోనే. కావ్యంలో నాకు అన్నిటికంటే నిజమనిపించేది ఆ ఆరిన దీపమే.

పెళ్లి ఊరేగింపుల్లో గ్యాసు లైట్లు నెత్తిన మోసే కూలి మావాళ్లు చాలా ఏళ్లు చేశారు. దాని గురించి వేరే భాగమే రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నాను.

మా ఇంటికి మొదటి బేటరీ లైటు నాన్న తెచ్చాడట. రెండు పెద్ద సెల్లు పట్టే రేకు లైటు. సెల్లు నీరసిస్తే అమ్మ అరుగు మీద ఎండలో పెట్టేది, ఇంకో నాలుగు రోజులు గుడ్డిగా వెలిగేది. ఆ సెల్లు చేసిన ఎవరెడీ అప్పట్లో యూనియన్ కార్బైడ్‌ది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో ఏ కంపెనీ విషవాయువు పేదల వాడల మీద పడిందో, మా ఇంట్లో వెలుగు ఆ కంపెనీదే. ఈ సంగతి నాకు డిగ్రీకొచ్చాక తెలిసింది. 1994లో యూనియన్ కార్బైడ్ ఆ వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. ఎవరెడీ పేరు ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను. నా చిన్నప్పుడు పేటలో మరుగుదొడ్లు లేవు. తెల్లారకముందే ఆడవాళ్లం గుంపుగా చెంబులతో రోడ్డు వారకి వెళ్లేవాళ్లం. ఎవరో ఒకరి దగ్గర లైటుండేది. దారిలో పురుగూ పుట్రా చూసుకోడానికి వెయ్యాలి, చేరాక ఆర్పెయ్యాలి. లారీ దీపాలు మలుపులో కనిపిస్తే అందరం ఒక్కసారి లేచి నిలబడేవాళ్లం. ఎక్కువ వెలుగు మంచిదని లైటు అమ్మేవాళ్లు చెబుతారు. వాళ్లు ఎప్పుడూ అలా లేచి నిలబడి ఉండరు.

అందుకే పిన్ని లైటులో నేను మొదట వెతికింది పెద్ద వెలుగు కాదు, చిన్న వెలుగు. కొవ్వొత్తి వెలుగు సుమారు 12 ల్యూమెన్లు. మొదటిసారి నొక్కగానే అంతకన్నా తక్కువతో వెలగాలి, ఇంకోసారి నొక్కితే పెరగాలి. కొన్ని లైట్లు నొక్కగానే కళ్లు జిగేల్మనేలా వెలుగుతాయి. ఆ తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లకీ, మనకీ కూడా కాసేపు ఏమీ కనిపించదు.

డబ్బా మీద అంకెల గురించి. అమెరికాలో 2009లో ఒక కొలతల పద్ధతి పెట్టారు, మంచి కంపెనీలు దాన్నే పాటిస్తాయి. '150 మీటర్లు' అని ఉంటే అక్కడ వెలుగు పావు లక్స్‌కి, అంటే దాదాపు పున్నమి వెన్నెలకి తగ్గిపోతుందని అర్థం. వెన్నెల్లో ఎండిన చెరకు ఆకు మీద రక్తపింజరిని గుర్తుపట్టగలరా? గంటల లెక్కా అంతే, మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేస్తారు. చిన్న లైటు పెద్ద వెలుగిస్తే రెండు మూడు నిమిషాల్లో వేడెక్కి తనే తగ్గిపోతుంది. ఆ పెద్ద అంకె చూసి డబ్బు పెట్టకండి. దూరం పోయే సన్నటి వెలుగు కంటే కాళ్ల చుట్టూ పరుచుకునేదీ, రంగులు సరిగ్గా చూపించేదీ మనకి పనికొస్తుంది.

ఇది మురిపెం కోసం చెప్పడం లేదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాము కాటుకి చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెవాళ్లు. దాదాపు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే.

ఇక సెల్లు. వేలి లావు లిథియం సెల్లు 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. సత్తువ ఎక్కువ, కానీ అయిపోతే పేట కొట్లో దొరకదు. పెన్సిల్ సెల్లు ఎక్కడైనా దొరుకుతుంది. అదే సైజులో 14500 అనే లిథియం సెల్లూ ఉంది. దాని వోల్టేజి రెట్టింపు కంటే ఎక్కువ. లైటు డబ్బా మీద వెయ్యొచ్చని రాసి ఉంటే తప్ప వెయ్యకండి. తడి తగిలే పనికి కనీసం ఐపీఎక్స్ 7 ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగుతుందని.

చివరికి ఒకే పెన్సిల్ సెల్లుతో నడిచే, క్లిప్పున్న, నా వేలంత లైటు కొన్నాను. మళ్లీ చార్జి చేసుకునే సెల్లు నాలుగు, చార్జరు కూడా. వెనక మూత అర చుట్టు వదులు చేస్తే రొంటిన ఉన్నప్పుడు పొరపాటున వెలగదు. పిన్నికి చూపించాను. రెండుసార్లు తిప్పింది, మూడోసారికి నాకంటే వేగంగా చేసింది. గుమ్మంలోంచి చిన్న వెలుగు వేసి మెట్ల కింద చూసింది, పెద్ద వెలుగు వేసి ఎదురింటి వేప చెట్టు మీద చూసింది. రొంటిన దోపుకుని చాపలు దులిపింది, వంగింది, లేచింది. జారలేదు.

"ఎంతయిందే?" అంది. సగం ధరే చెప్పాను. నిజం తెలిస్తే పెట్టెలో పెట్టి తాళం వేసేస్తుంది.