పెనం దించే వేళకి రండి

జనవరి నెల. తెల్లవారి ఆరు కావస్తోంది. విజయవాడలో బయలుదేరి యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కారు. కుడిచేతి వైపు కృష్ణ ఉంది గాని, మంచులో నీళ్ళెక్కడో ఇసుకెక్కడో తేలడం లేదు. ఎడమచేతి వైపు అరటి తోటలు, కంద మళ్ళు, ఆకులెండి వాలిపోయిన పసుపు చేలు. చోడవరం దాటింది, రొయ్యూరు దాటింది. వల్లూరుపాలెం కూడా దాటి తోట్లవల్లూరు దగ్గరపడుతుండగా కారు అద్దం దించండి. పొయ్యి కంటపడక ముందే వాసన వస్తుంది. ముందు చెరకు పిప్పి కాలిన పొగ, దాని వెనకే పాకం.

బండి కట్ట మీదే ఆపి దిగండి. గడ్డి మీది మంచుకి పాదాలు తడుస్తాయి, తడవనివ్వండి. నేరుగా పొయ్యి దగ్గరికి పోవద్దు. బెల్లం రుచి తోటలో మొదలవుతుంది. ముందు అటు నడవాలి.

ఏటి ఒండ్రు నేల, కాలు పెడితే మెత్తగా దిగబడుతుంది. గడలు మనిషికి రెండింతల ఎత్తున నిలబడ్డాయి. గాలికి పడిపోకుండా నాలుగైదు గడల్ని కలిపి, వాటి ఆకులతోనే జడ చుట్టారు. నరికేవాళ్ళు వచ్చి అప్పటికే చాలాసేపైంది. కత్తి నేలకి ఆనేలా వంగి నరుకుతున్నారు. గడలో తీపంతా మొదట్లో ఉంటుంది; బెత్తెడు మోడు వదిలితే అంత బెల్లం నేలలో వదిలినట్టే. "మొదలు నమలండి బాబూ, కొస గేదెలకి వేస్తాం" అంటూ ఒక పెద్దాయన జానెడు ముక్క చెక్కి చేతికిస్తాడు. కొరకండి. రాత్రంతా మంచులో నానిన గడ కదా, పళ్ళు జివ్వుమంటాయి. ఆ చలి తగ్గాక తీపి తెలుస్తుంది. అదే గడ కొస కూడా అడిగి నమలండి. చప్పగా ఉంటుంది. ఒక్క గడలోనే ఇంత తేడా!

పక్క మడిలోది కార్శి తోట. నిరుడు కొట్టిన మోళ్ళ నుంచే మళ్ళీ లేచింది. గడ సన్నం, పక్వానికి ముందొస్తుంది. మీరు నిలబడ్డది మొక్క తోట. గడ లావు, రసం ఎక్కువ, కాస్త ఆలస్యంగా పండుతుంది. ఏ మడి ఎప్పుడు కొట్టాలో కొందరు కంటితోనే చెబుతారు. కొందరి జేబులో చిన్న గొట్టం లాంటి పరికరం ఉంటుంది. అద్దం మీద ఒక చుక్క రసం వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, తీపి ఎంతుందో చెప్పే బ్రిక్స్ అంకె కనిపిస్తుంది. అది 18 దాటి 20కి చేరితే కత్తి పట్టొచ్చు. ఇటలీలో పీడ్‌మాంట్ కొండల మీద నెబ్బియోలో ద్రాక్ష కోతకొచ్చిందో లేదో చూసే రైతు చేతిలో ఉండేదీ ఇదే పరికరం. ఆ ద్రాక్షతో చేసిన బరోలో వైన్ కనీసం 38 నెలలు నిలవుండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. మన పొయ్యి దగ్గర పనంతా ఒక్క పూటలో తెమలాలి. కొట్టిన చెరకుని ఎండలో పడేసి ఉంచితే తీపి విరిగిపోతుంది, బెల్లం గట్టిపడదు. అందుకే ఈ తొందరంతా.

ఇప్పుడు రేకుల పందిరి కిందికి రండి. ఎద్దుల గానుగ పోయి కరెంటు గానుగ వచ్చింది. చప్పుడు చాలా ఎక్కువ. గుడ్డలోంచి వడపోసిన రసం గ్లాసుతో ఇస్తారు. అల్లం వద్దు, నిమ్మకాయ వద్దు, ఐసు అసలే వద్దు. పచ్చి రసం పచ్చిగానే తాగండి. పసరు వాసన, నాలుక మీద కాస్త మట్టి, ఆ తర్వాత తీపి. ఈ రుచి గుర్తుపెట్టుకోండి, ఇంకో రెండు మూడు గంటల్లో ఇది ఏమవుతుందో మీరే చూస్తారు.

పొయ్యి మీద వెడల్పాటి ఇనప పెనం. కింద ఎండు పిప్పి ఎగదోస్తూ ఒకాయన, పైన తెడ్డు పట్టుకుని ఒకాయన. రసం వేడెక్కగానే సున్నపు తేట పోస్తారు. బెండ మొక్కలు దంచి నీళ్ళలో పిసికిన జిగురు కలుపుతారు. ఆ జిగురు మురికిని పట్టి పైకి లాక్కొస్తుంది. ఆకుపచ్చా నలుపూ కలిసిన మడ్డి దళసరిగా తేలుతుంది. దాన్ని జల్లి గరిటెతో తీసి పారేస్తారు, మళ్ళీ తేలుతుంది, మళ్ళీ తీస్తారు. ఈ పనిలో ఓపిక లేకపోతే తర్వాత ఏం చేసినా బెల్లం బాగుపడదు. మడ్డి పోయాక రసం రంగు తేరుకుంటుంది. ఒక గరిటె అడగండి. పసరు వాసన పోయింది, తేనె రంగు వచ్చింది, పల్చగా వేడివేడిగా గొంతులోకి దిగుతుంది. పొద్దున్నే ఇంత మంచి పానీయం మరొకటి నేనెరగను.

ఇక అక్కణ్ణుంచి కదలకండి. బుడగలు చిన్నవి పోయి పెద్దవి వస్తాయి. నురగ అంచుల దాకా పొంగుతుంది. పాకం పట్టే పెద్దాయన రెండు చుక్కలు నూనె చిలకరిస్తాడు, నురగ దిగిపోతుంది. ఆయన ఇప్పుడెవరితోనూ మాట్లాడడు. చెంబులో చల్లటి నీళ్ళున్నాయి. తెడ్డు చివర పాకం ఒక బొట్టు అందులో పడేసి, రెండు వేళ్ళతో కూడగట్టి చూస్తాడు. తీగ సాగింది, చాలదు. ఇంకాస్త ఆగి మళ్ళీ చూస్తాడు. ఉండ కట్టింది. దాన్ని పెనం అంచుకేసి కొడతాడు, టంగుమంటుంది. "దించండ్రా!" నలుగురు ఒక్కసారి లేస్తారు. ఒక్క నిమిషం ముందైతే మెత్తబెల్లం, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన. ఆ నిమిషం ఎక్కడుందో ఆయన వేళ్ళకే తెలుసు. టన్ను చెరకు ఆడితే వచ్చేది దాదాపు వంద కిలోల బెల్లం. ఆ వంద కిలోలూ ఆ రెండు వేళ్ళ మధ్య నిలబడి ఉంటాయి.

తొట్టిలో పోసి తిప్పుతుంటే పాకం గట్టిపడుతూ రంగు మారుతుంది. అరటాకు ముక్క చాపండి, ఒక ముద్ద వేస్తారు. కాలుతుంది, ఊదుకుంటూ తినండి. పళ్ళకి అతుక్కుంటుంది, తర్వాత ఇసుకలా విడిపోతుంది. అందులో పొగ ఉంది, సున్నం ఉందీ లేదన్నట్టు ఉంది, పొద్దున నమిలిన గడ మొదలు ఉంది. చల్లారాక అచ్చులో బెల్లం ఇంకో ముక్క తినండి. రుచి స్థిమితపడి ఉంటుంది. ఇంట్లో ఏడాది దాచిన పాత బెల్లం ఎవరైనా పెడితే కాదనకండి. ఆయుర్వేదం పాత బెల్లానికే పెద్దపీట వేసింది.

మీ చేతిలో ఉన్న బెల్లం ముదురు రంగులో ఉంది. బజారులో మీరు ఏరుకునే పసుపుపచ్చ బెల్లం ఇలా ఉండదు. ఆ రంగు కోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. దాని వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకి 70 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. కానీ వేసేవాళ్ళని మాత్రమే అనడం అన్యాయం. రంగు చూసి కొంటున్నది మనం. ముదురు బెల్లానికి ధర తగ్గిస్తున్నది మనం.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తోట్లవల్లూరు దగ్గర నీళ్ళు తీపి. ఇదే కృష్ణ వెంట సముద్రం వైపు, దివిసీమ వైపు దిగేకొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పదేలుతాయి. ఉప్పు నీరు తాగిన చెరకుతో బెల్లం వండితే రంగు ముదురుతుంది, చెమ్మ పట్టి కారుతుంది, నాలుక చివర ఉప్పు తగులుతుంది. ఎంత మంచి రకం వేసినా నేల తన మాట తాను చెబుతుంది. ఉయ్యూరు చెరకు పరిశోధన కేంద్రం 2003వి46 లాంటి రకాలిచ్చింది. రకం ఒకటే అయినా కట్ట లోపలి పొలం, కట్ట బయటి లంక వేరువేరు రుచులు ఇవ్వగలవు.

ఆ లంకలు చూడాలంటే పడవెక్కి పాయ దాటాలి. తోడేళ్లదిబ్బలంక, పాములలంక, పిల్లివానిలంక, తుమ్మలపిచ్చికలంక. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల మీదుగా ఏరు పారింది. నీళ్ళు నిలిస్తే అరటి చస్తుంది, పసుపూ కందా దుంప కుళ్ళుతాయి. చెరకే కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. వరద తీశాక మిగిలిన ఒండ్రులోనే రైతు మళ్ళీ ముచ్చెలు నాటతాడు.

ఈ చుట్టుపక్కల చెరకుకి పెద్ద గిరాకీదారు ఉయ్యూరు కేసీపీ ఫ్యాక్టరీ. వెలగపూడి రామకృష్ణ 1941లో మొదలుపెట్టిన సంస్థ అది, డెల్టా రైతుని నిలబెట్టింది. కానీ పంచదార ఎక్కడ చేసినా ఒకటే రుచి, దానికి ఊరుండదు. బెల్లానికి ఊరుంటుంది. ఇటలీలోని టస్కనీలో ఏ హద్దుల్లో పండిన వైన్‌కి కియాంతీ పేరు వాడాలో అక్కడి పాలకుడు మూడో కోజిమో 1716లోనే శాసనం వేశాడు. 1993 నుంచి ఇటలీలో ఏటా మే నెలలో వైన్ చేసేవాళ్ళు వాకిళ్ళు తెరిచి జనాన్ని లోపలికి పిలుస్తున్నారు. మన బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. ఆ లడ్డులో పడేది బెల్లం పాకమే కదా. కృష్ణ ఒడ్డున వండే బెల్లానికి మాత్రం ఇంకా పేరు రాలేదు. రావాలి. ఉద్యాన, వ్యవసాయ శాఖలు, రైతు సంఘాలు కూర్చుంటే ఇది కాని పని కాదు.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి కొట్లో బెల్లం కొనేటప్పుడు రంగు అడగకండి, ఊరు అడగండి. కొట్టాయన చెప్పలేకపోతే చెరకు ఆడే రోజుల్లో, సంక్రాంతికి అటూ ఇటూ, తెల్లవారకముందే బయలుదేరి కరకట్ట మీదుగా రండి. పెనం దించేసరికి పొయ్యి దగ్గరుంటారు.