చినగోరంట: పుట్టుక, ప్రయాణం, పెరటి పెంపకం – ఆధారాల పరిశీలన

ఎండలు ముదిరాక మొగ్గ తొడిగి, వానల్లోనూ పూత నిలుపుకునే అలంకార మొక్కల్లో చినగోరంట ఒకటి. దీని శాస్త్రనామం లాగర్‌స్ట్రోమియా ఇండికా. అమెరికాలో క్రేప్ మర్టిల్ అంటారు. రకాన్ని బట్టి గుబురు పొదగానో, చిన్న చెట్టుగానో పెరుగుతుంది. ముడతలు పడ్డ రేకుల పూలు కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. ఈ మొక్క గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి: ఇది భారతదేశంలో పుట్టిందన్నది ఒకటి, ఏటా కొమ్మలు మొండిగా నరికితేనే విరగబూస్తుందన్నది రెండోది. ఈ రెండింటికీ ఎంతవరకు ఆధారం ఉందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శాస్త్రనామం చెప్పేది ఎంత?

ఈ మొక్కకు ఇప్పుడున్న శాస్త్రనామాన్ని స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1759లో ప్రకటించాడు. ప్రజాతి పేరులో ఉన్న వ్యక్తి మాగ్నస్ ఫాన్ లాగర్‌స్ట్రోమ్. ఆయన స్వీడిష్ ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టరు, లినేయస్‌కు తూర్పు దేశాల నమూనాలు తెప్పించి ఇచ్చినవాడు. ఆ కంపెనీ ఓడల రాకపోకలు ప్రధానంగా చైనాలోని కాంటన్ రేవుతో సాగాయి. పైగా ఆనాటి ఐరోపా వాడుకలో ‘ఇండియా’ అంటే తూర్పు ఆసియా దీవులు, తీరాలు కూడా చేరేవి. కనుక ‘ఇండికా’ అన్న విశేషణాన్ని మాత్రమే పట్టుకుని జన్మస్థలాన్ని తేల్చడం సరికాదు.

2. చైనా ఆధారాలు, వాటి పరిమితి

చైనాలో ఈ మొక్క పేరు జివే. క్రీ.శ. 713లో తాంగ్ ప్రభుత్వం తన రాజశాసనాల కార్యాలయానికి ఇదే పేరు పెట్టి, కొన్నేళ్లు కొనసాగించింది. అయితే ఆ పేరు ఒక నక్షత్ర మండలానికి కూడా ఉంది. కాబట్టి అప్పటికే అక్కడ ఈ చెట్టు ఉందనడానికి ఆ నామకరణం ఒక్కటే చాలదు. అంతకన్నా బలమైన సాక్ష్యం కవి బై జూయీ (772–846) ఇచ్చాడు. ఆ కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ, ఎదుట పూసిన జివే పువ్వు మీద ఆయన కవిత రాశాడు. దీన్నిబట్టి 9వ శతాబ్ది తొలి భాగానికే ఇది రాజాస్థాన ఆవరణల్లో పెంచే మొక్క అయిందని నమ్మవచ్చు.

అయినా పెంపకం పాతదైనంత మాత్రాన పుట్టుక అక్కడేనని రుజువు కాదు. సహజ వ్యాప్తి విషయంలో వృక్షశాస్త్ర గ్రంథాలు పూర్తిగా ఏకీభవించవు. చైనా, ఆగ్నేయాసియా ప్రాంతాలను ఎక్కువ గ్రంథాలు పేర్కొంటాయి. కొన్ని హిమాలయ ప్రాంతాన్నీ కలుపుతాయి. మన దగ్గర ఇది ముఖ్యంగా తోటల్లో నాటిన మొక్కగానే కనిపిస్తుంది. ఇదే ప్రజాతికి చెందిన చెన్నంగి (లాగర్‌స్ట్రోమియా పార్విఫ్లోరా) మాత్రం తెలుగు ప్రాంతపు అడవుల్లో సహజంగా పెరుగుతుంది. అందుచేత ప్రజాతి మనకు కొత్తది కాదనడం సబబు, చినగోరంట మాత్రం తూర్పు నుంచి వచ్చి ఉండవచ్చనడం అంతకన్నా సబబు.

3. అమెరికా చేరిన తేదీ

ఇంగ్లండ్‌కు ఈ మొక్క 1759లో చేరిందని క్యూ ఉద్యానవనపు పాత జాబితా చెబుతుంది. అమెరికా విషయంలో కథనాలు వేరు. ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ఆంద్రే మిషో 1780ల చివర్లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ వద్ద దీన్ని ప్రవేశపెట్టాడన్నది ఎక్కువ ప్రచారంలో ఉన్నది. 1799లో జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నాన్‌కు ఓడలో విత్తనాలు వచ్చాయన్నది మరొకటి. ఈ రెండూ పరస్పర విరుద్ధం కావు. ఒకే మొక్క వేర్వేరు చేతుల మీదుగా పలుమార్లు వచ్చి ఉండవచ్చు. ఏమైనా అక్కడి దక్షిణాది వేడికి అది ఎంతగా అలవాటు పడిందంటే, 1997లో టెక్సస్ దీన్ని తమ రాష్ట్ర అధికారిక పొదగా ప్రకటించింది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ల ముందూ ఇది సాధారణంగా కనిపించే మొక్క.

4. తెగులు, సంకర రకాలు

పాత రకాలకు ప్రధాన బెడద బూడిద తెగులు. 1956లో మొక్కల సేకర్త జాన్ క్రీచ్ జపాన్‌లోని యాకుషిమా దీవి నుంచి లాగర్‌స్ట్రోమియా ఫౌరియై విత్తనాలు తెచ్చాడు. ఆ జాతికి ఈ తెగులును తట్టుకునే శక్తితో పాటు ఊడే బెరడు కింద దాల్చినచెక్క రంగు కాండం ఉంది. అమెరికా జాతీయ ఆర్బొరేటంలో డొనాల్డ్ ఎగోల్ఫ్ దీన్ని చినగోరంటతో సంకరం చేశాడు. 1978లో విడుదలైన ‘నాచెజ్’ అనే తెల్లపూల రకం ఆ కృషి ఫలితం. తెగులును తట్టుకోవడమంటే అసలు సోకకపోవడం కాదు. నీడలో, గాలి ఆడనిచోట నాటితే ఏ రకానికైనా ముప్పు ఎక్కువే. పైగా 2004లో టెక్సస్‌లో గుర్తించిన బెరడు పొలుసు పురుగు ఈ సంకర రకాలనూ వదలదు. అది విసర్జించే జిగురు మీద మసి తెగులు పెరిగి కాండం నల్లబడుతుంది.

5. మొండిగా నరకడం మీద వాదం

నరకమనేవారి మాటలో కొంత నిజం ఉంది. ఈ మొక్క ఆ ఏడు వచ్చిన కొత్త చిగుళ్ల చివరే పూస్తుంది. కనుక శీతాకాలం చివర కత్తిరిస్తే ఆ ఏటి పూత పోదు. మొండి నుంచి వచ్చే బలమైన రెమ్మల మీద గుత్తులు పెద్దవి కావడమూ కద్దు. కానీ దానికి ఎదురుగా మూడు విషయాలు ఉన్నాయి:

అ) పొడవాటి లేత రెమ్మలు పూల బరువుకు, ముఖ్యంగా వాన తరువాత, వంగిపోతాయి, విరుగుతాయి.

ఆ) రెమ్మలు మళ్లీ ఎదగాలి కాబట్టి పూత ఆలస్యం కావచ్చు.

ఇ) పెద్ద గాయాలు కుళ్లుకు దారి ఇస్తాయి, చెట్టు సహజమైన ఆకృతి పోతుంది.

కత్తిరించకుండా ఎదిగిన చెట్లు కూడా నిండుగా పూయడం మామూలే. కాబట్టి పూతకు నరకడం తప్పనిసరి అన్న వాదన నిలవదు.

6. పెరటికి వర్తించేవి

పైవాటి నుంచి తేలే ఆచరణ ఇది. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటు ఎంచుకోవాలి. నీడలో పూత తగ్గుతుంది. నీరు నిలవని, కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న నేల మేలు. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము అందక ఆకులు పాలిపోవచ్చు. నాటిన తొలి ఏడాది క్రమంగా నీరు పెట్టాలి. వేళ్లు పట్టాక బెట్టను చాలావరకు తట్టుకుంటుంది. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత వెనకబడుతుంది, కనుక మాగిన పశువుల ఎరువు మితంగా వేస్తే చాలు. గింజ మొలకల్లో తల్లి లక్షణాలు మారవచ్చు. నచ్చిన రంగే కావాలంటే కొమ్మ ముక్కలు నాటుకోవడం నయం. కొత్త చిగురు రాకముందే, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండుపుల్లలు, ఒరుసుకునే రెమ్మలు, మొదట్లో లేచే పిలకలు తీసేస్తే కత్తిరింపు పూర్తయినట్టే.

జన్మస్థలం విషయంలో ఆధారాలు తూర్పు ఆసియా వైపు మొగ్గుతున్నాయి, అయితే తుది నిర్ణయానికి ఇంకా చోటు ఉంది. కత్తిరింపు విషయంలో అంత సందిగ్ధం లేదు. మొక్క ఎత్తును ఏటా కత్తితో అదుపు చేయాల్సి వస్తోందంటే, చాలాసార్లు లోపం రకం ఎంపికలోనే ఉంటుంది. కొనేటప్పుడే అది ఎంత ఎత్తు పెరుగుతుందో నర్సరీలో అడిగి, ఉన్న జాగాకు సరిపడే రకాన్ని తెచ్చుకోవాలని గృహస్థులకు మనవి.