పేరూ చిరునామా: తెలుగు ప్రచురణ చరిత్రలో ఒక ఖాళీ

1968లో దిగంబర కవులు తమ మూడో సంపుటిని విశాఖపట్నంలో వెలువరించారు. దాన్ని ఆవిష్కరించింది బిచ్చమెత్తుకుని బతికే ఒక స్త్రీ. అంతకు ముందు 1965లో హైదరాబాదులో మొదటి సంపుటిని రిక్షా కార్మికుడు, 1966లో విజయవాడలో రెండో సంపుటిని హోటల్ సర్వర్ ఆవిష్కరించారు. సాహిత్య సభల్లో పెద్దమనుషుల పెత్తనానికి అది చెంపపెట్టు. ఆ చర్య విలువను ఇవాళ తగ్గించవలసిన పనిలేదు. కాని ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ సంపుటాలు ఆరుగురు కవులవి. ఆవిష్కరించిన ముగ్గురి మాట వాటిలో లేదు. అట్టడుగు మనిషికి పుస్తకాన్ని ఆవిష్కరించే గౌరవం దక్కింది గాని, పుస్తకం రాసే, అచ్చువేసే అధికారం దక్కలేదు.

ఈ తేడాను గుర్తిస్తే తప్ప క్వీర్, ట్రాన్స్ రచయితల ప్రచురణ సమస్య మనకు అర్థం కాదు. స్త్రీ పురుషుల మధ్య సమాజం గీసిన గీతకు లోబడని ప్రేమలు, దేహాలు గలవాళ్లు వీళ్లు. వీళ్ల గురించి రాయడం వేరు, వీళ్లు రాయడం వేరు, రాసినదాన్ని వీళ్లే అచ్చువేసుకోవడం ఇంకా వేరు.

తెలుగు ఆధునిక సాహిత్యం పెద్ద ప్రచురణ సంస్థల అండతో పెరిగింది కాదు. 1928లో పద్దెనిమిదేళ్ల శ్రీశ్రీ తొలి పుస్తకం ‘ప్రభవ’ను వేసింది విశాఖపట్నంలోని కవితా సమితి. 1930లలో రాసిన ‘మహాప్రస్థానం’ గీతాలు పుస్తకంగా రావడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది. మిత్రబృందాలు, సంఘాలు, చందాలు, అప్పులు: ఇదీ మన ప్రచురణ రంగపు ఆర్థిక పునాది. కవిత్వం విషయంలో ఇప్పటికీ చాలావరకు రచయితే ప్రచురణకర్త. పుస్తకం లోపలి పేజీలో ‘ప్రతులకు’ అని ఉంటుంది. కింద రచయిత ఇంటి నంబరు, వీధి, ఊరు, ఫోను నంబరు.

మనకిది మామూలు సంగతి. ఇంట్లో తెలియకుండా రాసుకునే ఒక యువకుడికి, తల్లిదండ్రులు పెట్టిన పేరు వదిలేసి కొత్త పేరు పెట్టుకున్న ఒక ట్రాన్స్ స్త్రీకి అది మామూలు సంగతి కాదు. ఆమె ఏ పేరు అచ్చువేయాలి? ఇల్లు అద్దెకిచ్చిన యజమానికి తెలిస్తే ఆ చిరునామా రేపటికి ఉంటుందా?

ఇది సిగ్గుకో పిరికితనానికో సంబంధించిన విషయం కాదు. దీనికి చట్టం వేసిన పునాది ఉంది. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు, ప్రచురణకర్త పేరు, ప్రచురించిన చోటు ఉండాలి. వలస ప్రభుత్వం రాతను అదుపులో పెట్టిన పద్ధతి అది. 2023 నాటి పత్రికల నమోదు చట్టం 2024 మార్చిలో అమలులోకి వచ్చేదాకా ఆ చట్టమే నడిచింది. అంతకు ఏడేళ్ల ముందు, 1860లో, అదే ప్రభుత్వం శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ రాసింది. ఒక చట్టం ప్రేమను నేరం చేసింది. మరొకటి అచ్చులో చిరునామా అడిగింది. ఈ రెంటి మధ్య నిలబడి తన పేరుతో నిజం చెప్పగలిగిన రచయిత ఎవరు?

నిజాం సంస్థానంలో పరిస్థితి మరింత నగ్నంగా కనిపిస్తుంది. 1919లో వచ్చిన చట్టం, అధికారులు అనుమానించిన హిజ్రాల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో ఎక్కించమంది. స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చునంది. అంటే వాళ్ల పేరూ చిరునామా ఎక్కిన పుస్తకం సాహిత్య గ్రంథం కాదు, పోలీసు రిజిస్టరు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ కేసు వేసినవారిలో వైజయంతి వసంత మొగ్లి ఒకరు.

మద్రాసు రాష్ట్రంలో ఉన్న విశాఖకు ఆ నిజాం చట్టం వర్తించలేదు; 377 వర్తించింది. దాన్ని ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది, సుప్రీంకోర్టు 2013లో తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న పరస్పర సమ్మతి గల వయోజనుల విషయంలో తొలగించింది. ఈలోగా 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలై, ఓడరేవు గల విశాఖ వంటి పట్టణాలకు విస్తరించింది. దానితో సంఘాలు ఏర్పడ్డాయి, కలుసుకునే చోట్లు దొరికాయి. కాని అక్కడ మనిషి మాట నివేదికలోకి వెళ్లింది. కథలోకి, కవితలోకి వెళ్లలేదు. పోలీసు రిజిస్టరు తరవాత ఆరోగ్యశాఖ పట్టిక!

మరి సాహిత్యకారులమైన మనం ఏం చేశాం? ఆత్మవిమర్శ అవసరం. పాలకవర్గాన్ని, పోరాడని మేధావిని తిట్టడానికి ‘నపుంసకుడు’ అనే మాటను అభ్యుదయ, విప్లవ కవిత్వం విరివిగా వాడుకుంది. కులం పేరుతో తిట్టడం తప్పని దళిత ఉద్యమం నేర్పాక నేర్చుకున్నాం. ఈ తిట్టు మటుకు మన ఆగ్రహానికి అలంకారంగా మిగిలిపోయింది. మన కవితలో తననే బూతుమాటగా చదువుకున్న మనిషి, మన పత్రికకు తన కవిత పంపుతుందని ఎలా అనుకుంటాం?

ఇతర అణచివేతలకు గురైనవాళ్లు ఈ గోడను ఎలా దాటారో మన చరిత్రలోనే ఉంది. 1993లో స్త్రీవాద కవిత్వం ‘నీలిమేఘాలు’కు ఓల్గా, 1998లో ముస్లిం కవిత్వం ‘జల్‌జలా’కు స్కైబాబ, 2003లో దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’కు గోగు శ్యామల సంపాదకులు. ఈ మూడు సంకలనాల్లోనూ సంపాదకత్వం అనుభవం ఉన్నవాళ్ల చేతిలో ఉంది. విడివిడిగా రాసినప్పుడు వింతగా కనిపించిన గొంతులు ఒకచోట చేరేసరికి సాహిత్య ధోరణిగా గుర్తింపు పొందాయి. సంకలనం చేసే పని ఇదే. ఒంటరి రచయితకు అది తోడునిస్తుంది.

ట్రాన్స్ రచనల విషయంలో ముందడుగు పక్క భాషది. 2004లో ఎ. రేవతి తమిళంలో హిజ్రాల జీవితకథలు సేకరించి పుస్తకం తెచ్చారు. ఆమె ఆత్మకథ 2010లో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది, 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. ఇది మనం గర్వించదగిన పని. అయితే మన భాషలో మన్నన పొందిన హిజ్రా గొంతు తమిళనాడు నుంచి ఇంగ్లీషు దారిలో వచ్చిందన్న సంగతి మరవరాదు. దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను చొరవతో తమిళంలో ట్రాన్స్ వ్యక్తుల సొంత ప్రచురణ సంస్థ వచ్చి, 2023 చెన్నై పుస్తక ప్రదర్శనలో దుకాణం పెట్టింది. తెలుగులో 2017లో రచనా ముద్రబోయిన తదితరులు హైదరాబాదు నుంచి ‘ట్రాన్స్‌విజన్’ పేరుతో వీడియోలు మొదలుపెట్టారు. అచ్చు చేరదీయని గొంతు ముందుగా తెరను వెతుక్కుంది.

అమెరికా అనుభవమూ గమనించదగ్గది. 1980లో ఆడ్రి లార్డ్, బార్బరా స్మిత్ మొదలైనవారు ‘కిచెన్ టేబుల్’ అనే ప్రచురణ సంస్థ స్థాపించారు. తెల్ల స్త్రీవాదుల ప్రెస్సుల్లో నల్లజాతి స్త్రీల మాటకు, నల్లజాతి పత్రికల్లో స్త్రీలను ప్రేమించే స్త్రీల మాటకు చోటు చాలకపోవడమే కారణం. వంటింటి బల్ల మీద పుట్టిన ఆ పని ఎందరో రచయిత్రులకు నీడనిచ్చింది. 1992లో లార్డ్ మరణించిన తరవాత ఎక్కువ కాలం నిలవలేదు. కొద్దిమంది భుజాల మీద నిలిచిన ప్రచురణ ఆ భుజాలతోనే కుంగుతుంది. అందుకే సంఘం కావాలి.

సంఘం ఏం చెయ్యగలదు? ఇందుకు విశాఖలోనే ఒక పాఠం ఉంది. 1970 ఫిబ్రవరిలో, శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భాన, ‘రచయితలారా మీరెటువైపు?’ అన్న కరపత్రం ఈ ఊళ్లో వెలువడింది. అదే ఏడు జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ ప్రశ్న వేసింది ఏ ఒక్క మహాకవో కాదు, విశాఖ విద్యార్థులు. ఉమ్మడి సంతకం ఒంటరి మనిషికి రక్షణ.

ఇవాళ కొద్ది ప్రతులు వేసుకోవడం వెనకటంత ఖర్చు కాదు. సీసపు అక్షరాలు కూర్చి వెయ్యి ప్రతులు వేసి మంచం కింద దాచుకునే రోజులు పోయాయి. ఇప్పుడు కొరత డబ్బు ఒక్కటే కాదు, చిరునామా. దాన్ని రచయితల సంఘాలు ఇవ్వగలవు. ‘ప్రతులకు’ అన్నచోట సంఘం కార్యాలయం ఉండనివ్వండి. రచయిత ఎంచుకున్న పేరే అట్ట మీద ఉండనివ్వండి. అసలు పేరు అడిగే హక్కు మనకు లేదు. ప్రత్యేక సంచిక వేస్తే సంపాదకులుగా వాళ్లే ఉండాలి, ఏది అచ్చు కావాలో వాళ్లే నిర్ణయించాలి. మనం ప్రూఫులు దిద్దుదాం, కట్టలు మోద్దాం, చందాలు పోగుచేద్దాం.

వాళ్ల చేత మన పుస్తకాలు ఆవిష్కరింపజేసి చప్పట్లు కొట్టడం సులువు. వాళ్ల పుస్తకానికి మన చిరునామా ఇవ్వడం కష్టం. ఉత్తరాలు, బెదిరింపులు, ఇరుగుపొరుగు ప్రశ్నలు అప్పుడు మన గుమ్మానికే వస్తాయి. మనం ఎటువైపో అక్కడ తేలుతుంది.