కుక్క కోసం పుట్టిన అక్షరం

తెర మీద బొమ్మ కుక్క మాట్లాడుతోంది. దాని మాటలేమో పత్రిక సంపాదకీయంలా టైమ్స్ న్యూ రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. 1994లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి విన్సెంట్ కొనేర్‌కు ఇది ఎబ్బెట్టుగా తోచింది. మామూలు ఇళ్ల కోసం ఆ కంపెనీ తయారుచేస్తున్న ‘బాబ్’ అనే సాఫ్ట్‌వేర్‌లో దారి చూపించేది రోవర్ అనే ఆ కుక్కే. కొనేర్ ‘వాచ్‌మెన్’, ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ కామిక్ పుస్తకాలు ముందు పెట్టుకుని, వాటి మాటల బుడగల్లోని చేతిరాత పోకడతో మౌస్‌తో అక్షరాలు గీశాడు. అవే కామిక్ శాన్స్. తీరా చూస్తే అవి అప్పటికే గీసిపెట్టిన బుడగల్లో ఇమడలేదు. బాబ్ వాటిని వాడుకోకుండానే 1995లో వచ్చి, ఏడాది తిరిగేసరికి మూలపడింది. కుక్కకు దక్కని అక్షరం మాత్రం విండోస్ 95 ప్లస్ ప్యాక్‌లో చేరి, ఆపైన విండోస్‌లోనే స్థిరపడి లోకమంతా తిరిగింది.

తిట్లు మొదలైంది అప్పుడే. పుట్టినరోజు పిలుపులూ, ఆఫీసు హెచ్చరికలూ ఒకే వేషంలో కనిపించేసరికి అమెరికాలో హోలీ, డేవ్ కోంబ్స్ అనే డిజైనర్ దంపతులు దీన్ని నిషేధించాలని ఉద్యమమే నడిపారు. 2012 జూలై 4న సెర్న్ పరిశోధనశాలలో భౌతిక శాస్త్రవేత్త ఫాబియోలా జానొట్టి హిగ్స్ బోసాన్ అనే కణం గురించిన ఫలితాలు కామిక్ శాన్స్ స్లైడ్లతో వివరిస్తే, కణాన్ని వదిలేసి స్లైడ్ల మీది అక్షరాలను చూసి నవ్వినవాళ్లున్నారు. గీత మందం సరిగా లేదు, అక్షరాల మధ్య ఎడం కుదరలేదు అన్నది డిజైనర్ల అభ్యంతరం. నిజమే. కానీ అది అంచులు నునుపు చేయడం తెలియని నాటి తెరల కోసం, చుక్కల లెక్కలో కట్టిన అక్షరం. కాగితం మీద పెద్దదిగా అచ్చువేస్తే లోపాలు బయటపడక మానవు. అయినా లోపమే అసలు కారణమైతే, మన బాపు రాత సంగతేమిటి? అదీ గీత గీసినట్టు ఉండదు. కంప్యూటర్ ఫాంటై శుభలేఖలకూ పుస్తకాల అట్టలకూ ఎక్కినా, ఛీ అన్నవాళ్లు లేరు. బాపు మహా చిత్రకారుడు కాబట్టి అంటారా? ‘వాచ్‌మెన్’లో దాని చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ రాసిన అక్షరాలకు మర్యాద దక్కింది, ఆ ఒరవడిలోనే గీసిన కామిక్ శాన్స్‌కు వెక్కిరింత మిగిలింది. తేడా ఎక్కడంటే, బాపు అక్షరం వెనక బాపు కార్టూన్లున్నాయి, గిబ్బన్స్ అక్షరం వెనక కథ ఉంది. ఇదేమో చేతిరాతలా నటిస్తుంది గానీ ఎవరి చెయ్యో చెప్పదు. పైగా చేత్తో రాస్తే ఏ రెండు అక్షరాలూ అచ్చంగా ఒక్కలా రావు. ఇక్కడ అన్నీ కవలలే.

ఆ చెయ్యి ఎవరిదన్న పట్టింపు లేని చోట ఇది హాయిగా బతుకుతోంది. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు వాడదగిన ఫాంట్లలో బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ దీన్నీ చేర్చింది. ఇంగ్లీషు చిన్న ‘ఎ’కు అచ్చులో ఉండే పై కొక్కెం ఇందులో లేదు. పిల్లలు నోటుపుస్తకంలో దిద్దే గుండ్రని ‘ఎ’ ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది.