తారీఖులో ఆయా

మా ఉర్దూ బడిలో ‘ఆయా’ అనే మాటకి రెండు అర్థాలుండేవి. ఒకటి ‘వచ్చాడు’. రెండోది, ముక్కు తుడిచి, నాడా కట్టి, ఏడిస్తే చంకనేసుకునే మనిషి. మొదటిది అచ్చంగా మన జుబాన్. రెండోది మాత్రం పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిన మాట. పిల్లల్ని సాకే ఆడమనిషిని వాళ్ళు అలాంటి పేరుతోనే పిలిచేవాళ్ళు. అది హిందుస్తానీలో కలిసి, ఇంగ్లీషువాళ్ళ బంగళాల్లో తిరిగి, చివరికి మన బళ్ళ గుమ్మాల దగ్గర స్థిరపడింది.

దొరల జమానాలో ఆయా పని ఇంట్లోనే అయిపోయేది కాదు. దొరసాని విలాయత్‌కి పోతుంటే పిల్లల్ని సముద్రమంతా సంభాళించడానికి ఆయా కూడా ఓడెక్కాలి. 1869లో సూయజ్ కాలువ తెరిచేదాకా అది నెలల తరబడి సఫర్. లండన్‌లో దిగాక పిల్లలు ఇంటికి చేరేవాళ్ళు. ఆయాలకి మాత్రం అందరికీ తిరుగు టిక్కెట్టు దొరికేది కాదు. అక్కడితో పని అయిపోయిందని వదిలేస్తే కొందరు వీధిన పడ్డారు. అలాంటివాళ్ళ కోసం లండన్‌లో ‘ఆయాల ఇల్లు’ అని ఒకటి నడిచింది. 1900 నుంచి అది తూర్పు లండన్‌లోని హాక్నీలో ఉండేది. ఆ ఇంటి గోడకి గుర్తుగా నీలం ఫలకం బిగించింది 2022లో. అంటే సుమారు నూట ఇరవై ఏళ్ళకి వాళ్ళ హాజరీ పడింది.

మన దగ్గర ఆ హాజరీ ఇంకా పడలేదు. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను.

పోయిన చలికాలంలో ఉదయగిరి వైపు ఒక చిన్న ప్రైవేటు బడి పిల్లకాయల్ని సోమశిల డ్యామ్‌కి తీసుకెళ్ళారు. తారీఖ్ నాలుగు ముక్కలు చెప్పమని నన్నూ పిలిచారు. ముప్పై రెండు మంది, అందరూ ఒకటో తరగతిలోపే. ఇద్దరు టీచర్లు, ఒక ఆయా. ఆమెను అందరూ ఖాలా అంటారు. ఆ బడిలో పందొమ్మిదేళ్ళుగా ఉంది.

బస్సు కదలగానే నేను కొండ చూపించి మొదలుపెట్టాను. ఈ ఖిల్లా గజపతుల చేతిలో ఉండేదనీ, కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గెలిచాడనీ, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడనీ చెప్పాను. తర్వాత గోల్కొండ నవాబులు, ఆర్కాటు నవాబులు, జాగీర్దార్లు వచ్చారు. ఆఖరి జాగీర్దారు ఇంగ్లీషువాళ్ళ మీద కుట్ర చేశాడని 1839 ప్రాంతంలో పట్టుకుని చెంగల్పట్టుకి పంపేశారు. అక్కడిదాకా వచ్చేసరికి ఒక పాప అడిగింది, “బాలకృష్ణుడు ఏడ్చాడా సార్?” అని. నాకు జవాబు తోచలేదు. వెనక నుంచి ఖాలా అందుకుంది. “ఊరు మారితే ఏ బిడ్డయినా ఏడుస్తాడు కదమ్మా. ఎత్తుకున్నోళ్ళు సముదాయించుంటార్లే.”

ఆత్మకూరు రాకముందే ముగ్గురికి వాంతులు. ఖాలా సంచీలో నిమ్మకాయలు, పాత గుడ్డలు, ఒక జత అదనపు నిక్కరు అన్నీ ఉన్నాయి. డ్యామ్ దగ్గర దిగీ దిగగానే ఒక కోతి టిఫిన్ బాక్సు లాక్కుపోయింది. ఆ పిల్లాడికి తన డబ్బాలో అన్నం పెట్టి, తను అరటిపండు తింది.

తిన్నాక లెక్క చూస్తే ముప్పై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టారు. ముప్పై ఒకటే. ఒక టీచరమ్మ నీళ్ళ వైపు పరుగెత్తింది. ఇంకొకామె ఫోన్ పట్టుకుని ఏడ్చేసింది. నేను గట్టు మీద నిలబడి ఆ నీళ్ళని చూస్తుంటే కాళ్ళలో సత్తువ పోయింది. ఖాలా మాత్రం ముఖాలు చూసుకుంటూ పోయింది. ఎవరు లేరో తేలగానే, “వాడు మెతుకు కడుపులో పడితే నిద్రపోతాడు” అని నేరుగా బస్సు దగ్గరికి నడిచింది. తలుపు వేసి ఉంది. డ్రైవర్‌ని పిలిచి తీయించింది. చివరి సీటు కింద, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు బాబు. తిట్టలేదు. ఎత్తుకుని తెచ్చి, “సబ్ ఆయే” అంది. అందరూ వచ్చేశారు.

సాయంత్రం గట్టు మీద నా వంతు మళ్ళీ వచ్చింది. పెన్నా మీద 1970లలో పని మొదలుపెట్టి కట్టిన డ్యామ్ ఇది, 78 టీఎంసీల నీళ్ళు పడతాయి, ఇక్కడి నుంచి కండలేరు మీదుగా మద్రాసుకి కూడా పోతాయి అని చెప్పాను. ఖాలా కొంగు తల మీదికి లాక్కుని, నీళ్ళకేసి ఫాతిహా చదువుతోంది. అడిగితే చెప్పింది. వాళ్ళ అమ్మీ వాళ్ళది కడప జిల్లా, అట్లూరు వైపు. ఊరు మునకలో పోయింది. ఇళ్ళకి పైకం ఇచ్చారు. ఖబరస్తాన్‌ని ఎవరు మోసుకొస్తారు? “మా నానా ఆడ్నే ఉన్నాడు అబ్బయ్యా, ఆ నీళ్ళ కింద.” నా టీఎంసీల లెక్కలో ఆయన లేడు.

తిరుగుదారిలో జీతం అడిగాను. నెలకి ఆరు వేలు, చేతికిస్తారు. గ్రాట్యుటీ అనే మాట ఆమె వినలేదు. ఇది మీరూ తెలుసుకోవాల్సిన సంగతి. 1972 గ్రాట్యుటీ చట్టాన్ని పదిమంది, అంతకు మించి పనిచేసే బళ్ళకి వర్తింపజేస్తూ కేంద్రం 1997 ఏప్రిల్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఐదేళ్ళు నిండితే హక్ ఉంది.

అంగన్‌వాడీ ఆయాలది ఇంకా పొడుగు కథ. ఆ పథకం మొదలైంది 1975 అక్టోబర్ 2న. కర్ణాటకలో అమీర్‌బీ అనే అంగన్‌వాడీ కార్యకర్త కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, 2006లో అది సివిల్ పోస్టు కాదని ఫైసలా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో అదే కోర్టు, కార్యకర్తలకీ ఆయాలకీ గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనంది. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. జనవరిలో ఎస్మా పెట్టినా ఆపకుండా 42 రోజులు చేశారు. వాళ్ళ డిమాండ్లలో గ్రాట్యుటీ కూడా ఒకటి. అప్పటికి ఆయా గౌరవ వేతనం ఏడు వేలు.

బస్సులోనే ఖాలా లెక్క వేశాను. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకి ఇరవై ఆరు రోజుల చొప్పున. పందొమ్మిదేళ్ళకి 65,769 రూపాయలు.

“నెలకా?” అంది.

“కాదు ఖాలా, పని మానేసేటప్పుడు ఒకేసారి.”

కాయితం మీద రాయించుకుని సంచీలో పెట్టుకుంది. “మరి నేను ఇన్నేళ్ళు చేశానని ఎవరు చెప్తారు? రిజిస్టర్లో నా పేరు లేదు కదా. పిల్లకాయలు చెప్తే చాలదా?”

చాలకపోవచ్చు. అందుకే ఇది చదివే మాస్టర్లకి, బళ్ళు నడిపేవాళ్ళకి, పిల్లల్ని బడికి పంపే అమ్మీఅబ్బాలకి ఒక గుజారిష్. మీ బడి హాజరీ రిజిస్టర్ ఒకసారి తెరిపించండి. అందులో ఆయా పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఈ నెల నుంచే రాయించండి, ఆమె చేత సంతకమో వేలిముద్రో వేయించండి.