పానకం

పానకం బెల్లమును నీటిలో కరగించి, మిరియాలు, ఏలకులు చేర్చి తయారుచేయు తీపి పానీయం. శ్రీరామనవమి నాడు తెలుగునాట చలువ పందిళ్ళలో వడపప్పుతో పాటు దీనిని పంచుతారు. మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామి నోటిలో పానకమే పోసి, మిగిలినది భక్తులకు ప్రసాదముగా ఇస్తారు.

తయారీ విధానం

లీటరు నీటిలో సుమారు 200 గ్రాముల తరిగిన బెల్లం వేసి, కరిగిన పిమ్మట పలుచని గుడ్డతో తప్పక వడకట్టవలెను. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉండుట సాధారణం. ఆపై అరచెంచా మిరియాల పొడి, నాలుగు ఏలకుల పొడి కలపాలి. అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచిన మిరియాల ఘాటు కొన్న పొడికి రాదు. శొంఠి, నిమ్మరసం చేర్చుట కొందరి అలవాటు.

జాగ్రత్తలు

పానకమును పొయ్యి మీద కాచరు. కనుక వందలమందికి పంచునపుడు ముందుగా కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. మిరియాల ఘాటు కలుషిత జలమును శుద్ధి చేయదు. మధుమేహ రోగులకు బెల్లమైనా పంచదారతో సమానమే.