ఏట్లో దిగిన ఆరుగురు

ఒంగోలు నుంచి ఉత్తరంగా పది మైళ్లు వస్తే మా వెల్లంపల్లి, గుండ్లకమ్మ ఒడ్డు. 1878 జులై 3న ఈ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజులూ కలిపి 3,536. ఇచ్చిందెవరంటే మావాళ్లు ‘క్లౌ దొర’ అంటారు. అది సరికాదు.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చింది మన బోధకులు, ఆరుగురు. ఇద్దరు నీళ్లలో నిలబడేవారు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. పొద్దున 6 నుంచి 11 దాకా, మళ్లీ 2 నుంచి 5 దాకా. లెక్క కడితే ఏట్లో ఒక్కో మనిషికి అర నిమిషం కూడా పట్టలేదు. అంత తొందరేమిటని అడిగేవాళ్లున్నారు. ఏట్లో తొందరే గాని, ఏటిదాకా రావడానికి ఆ జనానికి చాలాకాలం పట్టింది.

1876–78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలవ మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. కూలికి వచ్చినవాళ్లను చూసుకున్నది బోధకులే. పగలు పని చేయిస్తూ, అలుపు తీర్చుకునే వేళ వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా కరువు పని ముగిసేదాకా ఇవ్వలేదు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని.

అసలు దారి వేసింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. ఊరు తాళ్లకొండపాడు, ఒంగోలుకు 40 మైళ్లు. 1866లో మరో మిషనరీ జూయెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్లేసరికి పేరయ్య చుట్టుపక్కల పల్లెల మనుషుల్ని పోగుచేసి ఉంచాడు. చింతతోపులో కూటాలు జరిగి 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు సంఘం పెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. దాని సభ్యులు ఎనిమిది మందే.

కొత్తగా చేరినవాళ్లకు మూడే కట్టుబాట్లు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. ఆదివారం వెట్టికి రాననడం, జాతరలో డప్పు కొట్టననడం ఊరిపెద్దల్ని ఎదిరించడమే. దెబ్బలు తిన్నవాళ్లు, నీళ్లకు కటకటపడ్డవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్ల ముందు నిలబడింది దొర కాదు, పల్లెలో కాపురమున్న బోధకుడు. పగలు వాక్యం, రాత్రి దీపం దగ్గర పిల్లలకు అక్షరాలు. జీతం చాలనిచోట సంఘంవాళ్లు పెట్టిన గింజలతో బతికాడు. 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల పెట్టింది ఇలాంటివాళ్లకు చదువు చెప్పడానికే.

క్లౌ పేరుతో ఒంగోల్లో ఆసుపత్రి వెలిసింది, జూయెట్ పేరుతో చర్చి ఉంది. ఏట్లో దిగిన ఆరుగురి పేర్లు మా పల్లె గుళ్లలో చదవగా నేను వినలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే అడగండి: మన కుటుంబానికి మొదట వాక్యం చెప్పిన అయ్యగారు ఎవరు, ఏ ఊరి మనిషి? చెప్పిన పేరును సంఘం పుస్తకంలో రాయించండి.